కొంగకు పొడి పులుసు

“నీకు రామెన్ తెలుసా?” అని అడిగాడు భీమశంకరరావు.

“ఏ డిపార్ట్‌మెంట్ సార్?” అంది సూర్యకళ.

ఆయన నవ్వలేదు. సీతమ్మధారలో ఒక డెంటల్ క్లినిక్ పై అంతస్తులో ఉన్న ఆ గదిలో ఎవరైనా నవ్విన దాఖలాలు లేవు. కింద పళ్ళు తొలిచే మిషన్ రొద పెడుతూనే ఉంటుంది. పైన మాట్లాడేది ఎవరి చెవినా పడకుండా ఉండటానికి అంతకు మించిన ఏర్పాటు లేదని ‘డెస్క్’ అని పిలుచుకునే ఆ గూఢచారి విభాగం ఏరికోరి ఆ బిల్డింగ్‌ని ఎంచుకుంది.

“రామెన్ మనిషి కాదు. జపాన్ వాళ్ళ నూడుల్స్. వేడి వేడి పులుసులో వేసి ఇస్తారు.” ఆయన రిమోట్ నొక్కాడు. స్క్రీన్ మీద ఒక గిన్నె, దాని పక్కన ఒక కొంగ బొమ్మ. “కోడ్ నేమ్ కొంగ. ఫొటో లేదు. వేలిముద్ర లేదు. ఏ దేశం మనిషో తెలీదు. హిందూ మహాసముద్రంలో మూడు రేవులు తిరిగాడు. మూడు చోట్లా నేవీ సీక్రెట్స్ పోయాయి. ఇప్పుడు వైజాగ్‌లో దిగాడు.”

“ఏం కొనడానికి?”

“చెవులు. హార్బర్ బయట సముద్రం అడుగున మైకులు పాతి ఉన్నాయి. ఏ సబ్‌మెరీన్ దగ్గరికొచ్చినా వింటాయి. ఏ మైకు ఎక్కడుందో చూపించే మ్యాప్‌ని ఎవడో కాపీ చేశాడు. ఆ ఎవడో ఎవడన్నది మనకు తెలీదు. అది కొంగ చేతిలో పడితే, ఆ చెవుల సందుల్లోంచి దారి చూసుకుని మన గుమ్మం దాకా ఎవడైనా వచ్చి నిలబడతాడు.”

సూర్యకళ కిటికీ వైపు చూసింది. అక్కడినుంచి సముద్రం కనపడదు. కానీ తన అన్న కోటి పడవ ఆ నీళ్ళమీదే ఎక్కడో ఉంటుంది. ఆమె చిన్నప్పుడు జెండా లేని పెద్ద ఓడ ఒకటి తండ్రి వలని రెండుగా కోసుకుంటూ పోయింది. పడవలో మనుషులున్నారని కూడా చూడలేదు. ఆ రోజు తండ్రి ముఖం ఆమెకింకా గుర్తే.

“దీనికీ నూడుల్స్‌కీ ఏమిటి సార్ సంబంధం?”

“వాడికున్న బలహీనత అదొక్కటే. జపాన్ రేవుల్లో ఏళ్ళ తరబడి బతికాడు. ఏ ఊళ్ళో దిగినా మంచి రామెన్ ఎక్కడ దొరుకుతుందో వెతుక్కుంటాడు. సరుకు చేతులు మారేదీ అక్కడే. అందరి తలలూ గిన్నెల్లో ఉంటాయి, పక్కవాడి చేతుల్ని ఎవరూ చూడరు. పైగా జాగ్రత్తపరుడు. సరుకు పట్టుకుని వీధిలో అడుగు పెట్టడు. కూర్చున్నచోటే శాటిలైట్ ఫోన్‌లో పంపేసి, ఖాళీ చేతులతో లేచి వెళ్ళిపోతాడు.”

“అయితే నా మిషన్?”

“వైజాగ్‌లో మంచి రామెన్ ఎక్కడ దొరుకుతుందో కనుక్కో.”

“జాలారిపేటలో పుట్టినదాన్ని సార్. నాకు తెలిసిన పులుసు వేరు.”

“పులుసు తెలిసినవాళ్ళే కావాలి,” అన్నాడాయన, రిసీవర్, మైకు అమర్చిన జూకాల జతని బల్లమీద ముందుకు జరుపుతూ.

* * *

బీచ్ రోడ్డులో ఒక కాఫీ షాపు ముందు ఎర్ర రంగు కారు దిగింది హేమశ్రీ. తెల్లటి లినెన్ డ్రెస్, నల్ల కళ్ళద్దాలు, మెడలో సన్నటి ముత్యాల గొలుసు. ఆమె నడిచి వస్తుంటే రెండు టేబుళ్ళ వాళ్ళు సెల్ఫీకి లేచారు. ఫుడ్ వీడియోలతో లక్షలమంది ఫాలోయర్లని సంపాదించుకున్న మనిషి. ఊళ్ళో ఏ హోటల్లో ఏం ఉడుకుతోందో ఆమెకి తెలుసు. ఆమె డెస్క్‌కి ఇన్‌ఫార్మర్ అన్న సంగతి మాత్రం డెస్క్‌లో ఇద్దరికే తెలుసు.

“ఇవాళ సముద్రం ఎలా ఉంది?” అంది సూర్యకళ.

“ఉప్పు తగ్గింది,” అంది హేమశ్రీ. కోడ్ సరిపోయింది. ఆమె కళ్ళద్దాలు తీసి నవ్వింది. “పద, నీ నాలుకకి ట్రైనింగ్ ఇవ్వాలి.”

ఆ వారమంతా ఇద్దరూ తిన్నారు. సిరిపురంలో ఒకచోట గిన్నె అందంగా ఉంది, లోపల ఉప్పు నీళ్ళు. ఎంవీపీ కాలనీలో పులుసు మీద టమాటా సాస్ తేలుతోంది. గాజువాకలో పేరు రామెన్, ఉడికించింది పాకెట్ నూడుల్స్, పైన ఒక పచ్చిమిరపకాయ.

“ముందు పులుసు ఒక్కటే చెంచాతో తాగు,” అని నేర్పింది హేమశ్రీ. “ఎముకలు గంటల తరబడి మరిగితే జిగురు దిగుతుంది. తాగాక పెదవి పెదవికి అంటుకోవాలి. నూడుల్ పంటికింద ఎదురు తిరగాలి. అంతవరకూ గుడ్డు, మాంసం చూడనే చూడకు. అవి మేకప్.”

ఆమె మాట్లాడుతుంటే సూర్యకళకి ముచ్చటేసింది. తిండిని అంత ప్రేమించే మనిషి అబద్ధం చెప్పదనిపించింది. చివరికి బీచ్ రోడ్డులోనే ఒక పెద్ద హోటల్‌కి తీసుకెళ్ళి, “ఊరికంతటికీ ఇదే బెస్ట్,” అంది. “శుక్రవారం మధ్యాహ్నం హ్యాండోవర్ ఇక్కడే. నా సోర్స్ పక్కా.”

సూర్యకళ ఒక చెంచా తాగింది. బాగుంది. కానీ పెదవులు అంటుకోలేదు. వెనకాల ఎక్కడో పొడి వాసన. చేపల పులుసు కాచే ఇంట్లో పెరిగిన పిల్లకి, మరిగి వచ్చిన రుచి ఏదో, కలిపి వచ్చిన రుచి ఏదో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇన్ని పాఠాలు చెప్పిన మనిషి దీన్ని బెస్ట్ అంటుందేమిటి?

మర్నాడు హేమశ్రీకి చెప్పకుండా పోర్టు గేటు దగ్గరికి వెళ్ళింది. ఆటో ఎక్కి డ్రైవర్‌ని అడిగింది. “జపాన్ ఓడ దిగినోల్లు ఎక్కడ తింతారు అన్నా?”

“ఆల్లా? పెద్ద హోటల్లకి ఎల్లరమ్మా,” అన్నాడతను. “వన్ టౌన్ పైడయ్య కాడికి తీసుకుపొమ్మంతారు.”

* * *

మిరపకాయల హోల్‌సేల్ కొట్లు దాటాక, ఆటో పట్టని సందు చివర ఉంది ఆ కొట్టు. బోర్డు లేదు. బయట అరుగుమీద నలుగురు కళాసీలు బస్తాలు దించి వచ్చి కూర్చుని, తువ్వాళ్ళతో చెమట తుడుచుకుంటూ గిన్నెలు జుర్రుకుంటున్నారు. లోపల ఓ పొడవాటి చెక్క బల్ల. బల్ల వెనక పొయ్యిమీద మనిషి నడుమంత ఎత్తు తపేలా. దాని ముందు గరిటె పట్టుకుని, నెరిసిన మీసాల మనిషి.

సూర్యకళ చెంచాతో పులుసు తీసి నోట్లో పోసుకుంది.

కోడి ఎముకల జిగురు. దాని వెనక పొగలో ఎండిన సూర చేప వాసన. మింగాక పెదవులు ఒకదానికొకటి అంటుకున్నాయి. ఆమె ఇంకో చెంచా ముంచింది.

“ఎలాగుందమ్మా?” అన్నాడు పైడయ్య.

“ఎక్కడ నేర్చావు చిన్నాన్నా?”

“ఓడలో. జపానోల్ల ఓడలో కుక్కుగ సేసాను. ఆ కెప్టెను సచ్చేంత కోపిష్టి. పులుసు పల్సనైతే గిన్ని నా నెత్తిమీద బోర్లించీవోడు. సూర సేప ఆల్లలాగే డాబామీద పొగెట్టి ఎండబెడతన్నాను. ఇంతకీ నువ్వెవరింటి పిల్లవి?”

“జాలారిపేట. గంగాలమ్మ కూతుర్ని.”

“ఓలమ్మ! మనోల్ల పిల్లేనేటి!” ఆయన అడక్కుండానే ఇంకో గరిటె పోశాడు.

సూర్యకళ ఫోన్‌లో హేమశ్రీ ఫొటో చూపించింది. “ఈవిడెప్పుడైనా వచ్చిందా?”

“రాకేటి? వారంవారం వత్తాది. మూతికి గుడ్డ కట్టుకోని ఆ మూల కూకుంతాది. అందర్నీ ఈడియోలు తీత్తావు కదమ్మా, నా కొట్టు కూడా తియ్యి అంటే, ఒద్దు పైడయ్యా, దీన్ని ఎవులికీ సూపించనంతాది.”

సూర్యకళ చేతిలో చెంచా ఆగిపోయింది. ఊళ్ళో ప్రతి గిన్నెనీ లోకానికి చూపించే మనిషి, అన్నిటికంటే మంచి గిన్నెని దాచింది. దాచాల్సిన పని ఆమెకెందుకు పడింది?

కొంగ తినేది ఇక్కడే. హేమశ్రీ రెండువైపులా జీతం తీసుకుంటోంది.

* * *

“నీ నాలుక సాక్ష్యాన్ని నేను ఢిల్లీకి పంపలేను,” అన్నాడు భీమశంకరరావు. ఆయన గొంతు జూకాల్లోంచి గరగరలాడుతూ వస్తోంది. “హేమశ్రీ మన అసెట్. గతంలో మూడు కేసులు పట్టించింది. శుక్రవారం టీమ్ మొత్తం బీచ్ రోడ్డు హోటల్లోనే ఉంటుంది. ఇది పైనుంచి వచ్చిన డెసిషన్.”

“రోజు నిజం చెప్పింది సార్, చోటు అబద్ధం చెప్పింది. మీ టీమ్ అక్కడ కూర్చుంటే ఇక్కడ పని అయిపోతుంది. నాకు ఇద్దరిని ఇవ్వండి.”

“ఒక్కరిని కూడా ఇవ్వను. నువ్వు ఈ ఆపరేషన్‌లో లేవు. సాయంత్రం ఫ్లైట్‌కి ఢిల్లీ వెళ్ళు.”

సూర్యకళ వన్ టౌన్ సందులో నిలబడి ఉంది. పోర్టు వైపునుంచి ఓడ కూత వినిపించింది. జెండా లేని ఓడ గుర్తొచ్చింది. అప్పుడు తండ్రి అరిచాడు, ఎవరూ వినలేదు. ఇప్పుడు తను అరుస్తోంది.

“వెళ్ళను సార్.”

“ఏమిటి?”

“వెళ్ళనన్నాను.”

“సూర్యకళా, ఇది ఆర్డర్!”

“వినిపించింది సార్. స్పష్టంగా వినిపించింది.”

ఆమె జూకాలు రెండూ తీసి, పక్కన సోడా బండి మీదున్న మజ్జిగ గ్లాసులో వేసింది. బండివాడు నోరు తెరిచి చూస్తుండగా గ్లాసు ఖరీదు ఇచ్చి, తిరిగి పైడయ్య కొట్టువైపు నడిచింది.

ఇప్పుడు ఆమెకి టీమ్ లేదు. కొంగ ముఖం తెలియదు. మధ్యాహ్నం రద్దీలో ఆ బల్ల దగ్గర పదిమంది కూర్చుంటారు. పదిమందిలో వాడెవడు? వాడి గురించి తెలిసింది ఒక్కటే, మంచి పులుసంటే ప్రాణమని. అయితే దాంతోనే పట్టుకోవాలి.

ఉన్న సంగతంతా పైడయ్యకి చెప్పింది. చెప్పి, అసలు విషయం అడిగింది. శుక్రవారం మధ్యాహ్నం ఆయన పులుసు వడ్డించకూడదు. బజారులో దొరికే సూప్ పొడి కలిపి పొయ్యాలి.

పైడయ్య గరిటె కింద పెట్టాడు.

“నా కొట్లో పొడి నీల్లా? ఏటి మాటాడతన్నావ్?”

“ఒక్క పూట చిన్నాన్నా.”

“ఒక్క పూటైనా ఒక్క గిన్నైనా ఒకటే. ఆ కెప్టెను నెత్తిమీద గిన్ని బోర్లించినా నాను పొడి పట్టలేదు. సచ్చినా పెట్టను.”

“మామూలోల్లకి తేడా తెలవదు. తాగీసి ఎల్లిపోతారు. ఆడికి తెలుస్తాది. నీ పులుసు రుచి మరిగినోడు గావట్టి ఆడొక్కడే చెంచా దించుతాడు. నాకు ఆ చెంచా కావాల.”

పైడయ్య వంగి పొయ్యి మంట తగ్గించాడు. “ఆ మేపు ఆడికి దొరికితే మన పడవలేటవుతాయి?”

“పడవలకేటవుద్దో తెలీదు. మన సముద్రంలోకి ఆడెప్పుడొచ్చాడో కూడా మనకి తెలవదు.”

“అడక్కుండా నా వంటింట్లోకి వచ్చినట్టన్నమాట.” ఆయన మీసం కదిలింది. “సరే. పెద్ద తపేలాలో నా పులుసు నా పులుసుగా ఉంటాది, మూతెట్టీసి. ఆ గడ్డి నీల్లు సిన్న గిన్నిలో కలుపు. నా సెయ్యి దాన్ని ముట్టుకోదు.”

* * *

శుక్రవారం మధ్యాహ్నం. సూర్యకళ మోకాళ్ళదాకా చీర ఎగ్గట్టి, ముక్కుకి పెద్ద పుడక పెట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని బల్ల వెనక గిన్నెలు కడుగుతోంది. బల్ల నిండింది.

ఆమె అనుమానమంతా ఆ చివర కూర్చున్న పొడవాటి విదేశీ నావికుడి మీద ఉంది. నల్లద్దాలు, తెల్లటి గడ్డం. వాడి పక్కన సెల్ఫీలు తీసుకుంటున్న జంట. ఆ పక్కన మెడలో ఐడీ కార్డు తాడు జేబులోకి దాచుకున్న కుర్రాడు, ముఖమంతా చెమట. ఆ పక్కన ఆకాశం రంగు పొట్టిచేతుల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఒళ్ళో గొడుగు, పెళ్ళిసంబంధాలు కుదిర్చేవాడిలా ఉన్న ఓ సన్నటి పెద్దమనిషి. మూలన ముఖానికి స్కార్ఫ్ చుట్టుకున్న ఆడమనిషి. ఆ ముత్యాల గొలుసు సూర్యకళకి తెలుసు. హ్యాండోవర్ ఆ హోటల్లోనే అని చెప్పిన హేమశ్రీ ఇక్కడుంది.

సూర్యకళ తల వంచుకుని గిన్నెలు అందించింది. పైడయ్య పళ్ళు బిగబట్టి వడ్డించాడు.

విదేశీ నావికుడు గిన్నె ఎత్తి గడగడా తాగేశాడు. ఇంకోటి కావాలని వేలు చూపించాడు. వీడు కాదు. జంట ఫొటో తీసి తినడం మొదలుపెట్టింది. చెమట కుర్రాడు ముద్ద కూడా తినలేదు. నూడుల్స్ తినడానికి తను తెచ్చుకున్న చెక్క పుల్లల జత గిన్నె పక్కన వదిలి లేచాడు.

గొడుగు పెద్దమనిషి ఒక చెంచా పులుసు నోట్లో పోసుకున్నాడు.

చెంచా ఆగింది. మెల్లిగా కిందికి దిగింది. అతను తల ఎత్తి పైడయ్యని చూశాడు. ఆ చూపులో కోపం కంటే బాధ ఎక్కువుంది.

“దిస్ ఈజ్ నాట్ యువర్ సూప్,” అన్నాడు సన్నగా.

దొరికాడు!

పైడయ్య ముఖం సిగ్గుతో నల్లబడింది. సూర్యకళ పైడయ్య వైపు చూడలేదు, పెద్దమనిషి చేతులు చూసింది. కుర్రాడు వదిలిన చెక్క పుల్ల అప్పటికే రెండుగా విప్పి ఉంది. లోపల బోలు. ఒళ్ళో గొడుగు చాటున లావుపాటి ఫోన్, దానికి గుచ్చిన చిప్. స్క్రీన్ మీద పచ్చటి గీత ఈ చివరినుంచి ఆ చివరికి పాకుతోంది. సగం దాటింది.

దూకడానికి ఆమె బల్లమీద చెయ్యి వేసింది.

“కదలకు సూర్యా.” ఎప్పుడు లేచి వచ్చిందో, వెనక హేమశ్రీ. స్కార్ఫ్ కింద చిన్న పిస్టల్ గొట్టం. “తువ్వాలు కట్టుకుంటే గుర్తుపట్టననుకున్నావా? ఇంకొక్క నిమిషం. ఎవరికీ దెబ్బ తగలదు.”

“పెదవులు అంటుకోవాలని నువ్వే నేర్పావు,” అంది సూర్యకళ, గీత మీంచి కళ్ళు తీయకుండా. “ఆ హోటల్ గిన్నెని బెస్ట్ అన్నప్పుడే దొరికిపోయావు.”

“నిజం. అది అనలేక అన్నాను.” హేమశ్రీ నవ్వింది. “చేతులు పైకెత్తు.”

“ఎత్తను.”

“కాలుస్తాను.”

“కాల్చు. చేతులు మాత్రం ఎత్తను.”

పచ్చ గీత చివరికొచ్చేసింది. ఇంకా వెంట్రుకంత మిగిలింది.

“నా కొట్లో తుపాకేటే!” అన్న అరుపుతోపాటు గరిటెడు మరిగే పులుసు గాల్లో ఎగిరింది. పైడయ్య పెద్ద తపేలా మూత తీసి ముంచింది అది. హేమశ్రీ మణికట్టు మీద పడింది. ఆమె కేక, పిస్టల్ పేలుడు ఒకేసారి వినిపించాయి. గుండు పైకప్పు రేకులోంచి ఆకాశంలోకి పోయింది.

సూర్యకళ బల్లమీదుగా దూకింది. పెద్దమనిషి గొడుగు మొనలోంచి సన్నటి సూది బయటికొచ్చి ఆమె గొంతువైపు లేచింది. చేతిలో ఉన్న స్టీలు గిన్నె అడ్డం పెట్టింది. సూది ఠంగుమని విరిగింది. రెండో చేత్తో ఫోన్ లాక్కుంది. అతను ఆమె మణికట్టు పట్టి మెలిపెట్టాడు. ఎముక కలుక్కుమంది. ఆఫ్ చెయ్యడానికి బటన్ ఎక్కడుందో వెతికే వ్యవధి లేదు. ఆమె వెనక్కి చూడకుండా ఫోన్‌ని భుజం మీదుగా విసిరింది.

ఫోన్ బుడుంగుమని పెద్ద తపేలాలో పడింది.

“అయ్యో, నా పులుసు!” అన్నాడు పైడయ్య.

తపేలాలోంచి ఒక్కసారి నీలం మెరుపు మెరిసి ఆరిపోయింది. కొంగ ఆమె చెయ్యి వదిలేశాడు. తపేలా వైపు చూస్తూ కుర్చీలో కూలబడ్డాడు. పేలుడుకి గుమ్మం దగ్గరే బిగుసుకుపోయిన చెమట కుర్రాడు సందులోకి పరుగు తీశాడు.

“ఒరేయ్, పట్టుకోండ్రా ఆ గుంటడ్ని!” అని పైడయ్య అరిచాడు. అరుగు మీది కళాసీలు గిన్నెలు కింద పెట్టకుండానే కాళ్ళు అడ్డం పెట్టారు.

* * *

సూర్యకళ ఫోన్ చేశాక టీమ్ రెండు జీపుల్లో వచ్చేసరికి కుర్రాడి మీద ఇద్దరు కళాసీలు కూర్చుని ఉన్నారు. పేరు అనిరుధ్. మైకులు పాతిన కాంట్రాక్టర్ దగ్గర ఇంజనీర్. ఏడుస్తున్నాడు. కొంగ మాత్రం నోరు విప్పలేదు.

హేమశ్రీ కాలిన చేతికి పైడయ్యే కొబ్బరినూనె రాశాడు. జీపెక్కేముందు ఆమె ఆగి సూర్యకళతో అంది. “ఈ కొట్టుని వాళ్ళకోసమే దాచానని రాసుకో, పర్లేదు. కానీ సగం నాకోసమే దాచుకున్నాను. మంచిది దొరికితే ఎవరికీ చెప్పబుద్ధి కాదు.”

సూర్యకళకి ఆమెమీద కోపం రాలేదు. అదే ఆమెకి కోపం తెప్పించింది.

భీమశంకరరావు బల్ల దగ్గర కూలబడి, ఎదురుగా ఉన్న గిన్నెలోంచి అన్యమనస్కంగా ఒక చెంచా తాగాడు. “పులుసు బాగానే ఉందే!” అన్నాడు. పైడయ్య ఆ గిన్నె ఆయన ముందునుంచి లాగేసి, పులుసంతా వీధి కాలవలో పారబోశాడు.

“ఆర్డర్ ధిక్కరించావు,” అన్నాడాయన సూర్యకళతో, గొంతు సవరించుకుంటూ. “ఎంక్వైరీ తప్పదు.”

“తెలుసు సార్.”

“కమిటీ ముందు పశ్చాత్తాపపడుతున్నట్టు ఒక ముక్క చెప్పు. నేను చూసుకుంటాను.”

“చెప్పను సార్.”

చెప్పలేదు కూడా. ఢిల్లీలో ముగ్గురు పెద్ద ఆఫీసర్లు ఒకే ప్రశ్నని మూడు రకాలుగా అడిగారు. మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే ఏం చేస్తావు? చెయ్యి కట్టులో ఉంది, వీపు నిటారుగా ఉంది. “ఇదే చేస్తాను. ఈసారి జూకాలు ఇంకాస్త ముందే తీసేస్తాను,” అంది. ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మ్యాప్‌ని తెరిచే తాళం లాంటి చివరి ముక్క వెళ్ళకపోవడంతో, పోయిన మిగతా భాగం ఎవరికీ అక్కరకు రాదని నిపుణులు తేల్చారు. ఆమెని ఏం చెయ్యాలో మాత్రం కమిటీ ఇంకా తేల్చలేదు.

వాళ్ళ తలనొప్పి ఆమె కాదు. ఫోన్‌తోపాటు తపేలాని కూడా సాక్ష్యంగా సీలువేసి ఢిల్లీ తెచ్చారు. రోజూ ఆఫీసు తెరవగానే అత్యంత రహస్యమైన ఆ నంబర్‌కి వన్ టౌన్‌నుంచి కాల్ వస్తోంది. ఆ నంబర్ ఆయనకెలా దొరికిందో డెస్క్‌కి ఇప్పటికీ అంతుపట్టలేదు.

“నాను పైడయ్యనండి. నా తపేలా ఎప్పుడిత్తారు?”